ఊరు మారి కొనుక్కునే సరుకు

ఆర్యా,

"పాత రోజుల్లో జనానికి సిగ్గూ ఎగ్గూ ఉండేవి" అనేవాళ్లు కావలిలో మా మెడికల్ షాపు కౌంటర్ వెనక ఒక సాయంత్రం కూర్చోవాలి. 1968లోనే ప్రభుత్వం నిరోధ్ పేరుతో కండోమ్‌లు తెచ్చి, మూడు 15 పైసలకి అమ్మించింది. కుటుంబ నియంత్రణ గుర్తు ఎర్ర త్రికోణం గోడగోడకీ వేయించింది. కానీ మా నాన్న హయాంలో పేరు పెట్టి అడిగినవాళ్లు అరుదు. తలనొప్పి మాత్ర కొని, షాపు ఖాళీ అయ్యేదాకా ఆగి, వేలితో చూపించేవాళ్లు. ఎయిడ్స్ భయం వచ్చాక హైవే లారీ డ్రైవర్లు మొహమాటం వదిలేశారు. ఇప్పుడు కొత్త దంపతులు కలిసే వచ్చి, ఫోన్‌పే కొట్టి పోతున్నారు.

2018లో సుప్రీంకోర్టు, ఇష్టపడిన పెద్దవాళ్ల స్వలింగ సంబంధం నేరం కాదంది. మా బజారులో రెండ్రోజులు నవ్వుకున్నారు, తర్వాత ఆ ఊసే లేదు. ఇంట్లో చెప్పుకునే ధైర్యం మాత్రం ఆ పిల్లలకి ఏ కోర్టు ఇస్తుంది?

ఆడవాళ్ల సంగతే ఎక్కడిదక్కడుంది. ప్యాడ్లు ఇప్పటికీ నల్ల కవర్లోనే. ప్రెగ్నెన్సీ కిట్ కావాలంటే బిట్రగుంట అమ్మాయి కావలి వస్తుంది, కావలి అమ్మాయి నెల్లూరు బస్సెక్కుతుంది. మొన్న ఒకామె కిట్ అడిగితే, దగ్గు మందుకొచ్చిన పెద్దాయన "ఎవరమ్మాయివమ్మా నువ్వు?" అన్నాడు. మెడలో నల్లపూసలున్నాయి, అయినా చిల్లర కూడా తీసుకోకుండా వెళ్లిపోయింది. మగాడు కండోమ్ కొంటే ఇదే పెద్దాయన మీసాల్లో నవ్వుకుంటాడు.

మీ ఆదివారం పేజీలో డాక్టర్ల చేత ఇవన్నీ విడమర్చి రాయించండి. ఆ పేపరు కౌంటర్ మీద అందరికీ కనబడేలా నేను పెడతాను.

– ఒక మెడికల్ షాపు యజమాని, కావలి, నెల్లూరు జిల్లా