వార్షిక నివేదిక: సర్వసభ్య సమావేశానికి కార్యదర్శి సమర్పిస్తున్నది

మన బెంగళూరు తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, సంక్రాంతి, పిల్లల తెలుగు తరగతులు ఎప్పటిలాగే బాగా జరిగాయి, ఫొటోలు గ్రూపులో చూశారు కదా.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది లాల్‌బాగ్ బండ మీద జరిపిన నడక. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ వయసు దాదాపు 300 కోట్ల ఏళ్లు. మనతో వచ్చిన రిటైర్డ్ జియాలజిస్టు గారు పిల్లల చేత ఆ తెల్లచారలు, నల్లచారలు తడిమించి, బెంగళూరు కింద ఉన్నది ఎక్కువగా నైస్ అనే ఈ చారల గట్టి రాయేనని, ఇది నీళ్లు పీల్చుకోదని, పైనున్న మొరంలోనూ రాతి పగుళ్లలోనూ నిలిచిందే మన భూగర్భ జలమని చెప్పారు. "మా వీధిలో వెయ్యి అడుగులు దించినా బోరు పడలేదేమండీ?" అని ఒక పిన్నిగారు అడిగితే, "పగులు తగలకపోతే ఎంత దించినా దుమ్మే వస్తుందమ్మా" అన్నారు. 2024 వేసవిలో ట్యాంకర్ల కోసం పడిన టెన్షన్ అందరికీ గుర్తొచ్చింది.

ఆ మాట పట్టుకునే మన ఆఫీసు ఆవరణలో ఇంకుడు బావి తవ్వించాం. తవ్వింది మన్ను వడ్డర్లు, తరతరాలుగా బావులు తవ్వుతున్నవాళ్లు, ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఇరవై అడుగుల దగ్గర పెద్దాయన గుప్పెడు మొరం పిండి చూసి, "ఇక్కడ తాగుతుందయ్యా" అన్నాక సిమెంటు వరలు దించాం. వాళ్లకూ, చందాలిచ్చిన దాతలకూ, రెండు రోజులు భోజనం పంపిన మహిళా విభాగానికీ, జియాలజిస్టు గారికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

జమాఖర్చులు ఆడిటరు గారు చూశారు, కాపీ కోశాధికారి గారి దగ్గర ఉంది. బావికి అనుకున్నదానికన్నా కాస్త ఎక్కువైంది, దాతలు సర్దారు.

ఇక బాధ. మన ఊరు గట్టు మీద ఉంది, పడిన వాన ఒకవైపు కావేరికి, ఇంకోవైపు దక్షిణ పినాకినికి పోవాలి. పోయే దారులు రాజకాలువలు. వాటిని పూడ్చి పల్లంలో సెల్లార్లు తవ్వితే ఏమవుతుందో 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు వరదలో మునిగినప్పుడు చూశాం. కాబట్టి కట్టడాలకు అనుమతి ఇచ్చే ముందు వాలు, రాయి, మన్ను చూడమని అర్జీ రాసి సంబంధిత కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగాం, రసీదు కూడా ఇవ్వలేదు. వస్తామని పేర్లిచ్చిన పద్దెనిమిది మందిలో వచ్చింది ముగ్గురే, అదీ మొదటిసారి.

వానలు మొదలయ్యేలోపు బావి జల్లెడ కడగాలి. ఆదివారం ఉదయం ఏడింటికి కనీసం ఆరుగురైనా రండి, పారలు నేను తెస్తాను.