గ్రీజు పెట్టని తూము

సంపాదకుడు గారికి,

పది రోజుల కింద మీ ఆదివారం సంచికలో అమెరికా పని అయిపోయిందని ఒకరు, దానికి ఎదురే లేదని ఇంకొకరు రాశారు. ఇద్దరూ సైన్యం, డాలరు దాటి పక్కకు చూడలేదు. దేశాల విదేశీ మారక నిల్వల్లో డాలరు వాటా 2000లో 70 శాతం పైన ఉండేది, ఇప్పుడు 60 లోపుకు వచ్చింది. పాతికేళ్లకు ఇంత కదిలే అంకెతో ఏ వాదమైనా చేయొచ్చు.

ఒక దేశం గట్టిదా కాదా తేలాలంటే చూడాల్సింది మరమ్మతు. మిషిగన్‌లోని ఫ్లింట్ పట్టణానికి 2014 ఏప్రిల్‌లో ఖర్చు తగ్గుతుందని నది నీళ్లు మళ్లించారు. పాత సీసం పైపుల లోపలి పొర ఊడకుండా ఆ నీళ్లలో ఫాస్ఫేటు కలపాలి. కలపలేదు, సీసం నల్లాల్లోకి దిగింది. అక్టోబరులో ఆ ఊరి ఇంజిన్ల కర్మాగారం తన విడిభాగాలు తుప్పు పడుతున్నాయని ఆ నీళ్లు మానేసింది. ఇనుముకు పనికిరాని నీళ్లను పిల్లలకు ఇంకో ఏడాది తాగించారు! ఇటలీలో జెనోవా వంతెన 2018 ఆగస్టు 14న కూలి 43 మంది చనిపోయారు. మోసే తీగలను కాంక్రీటుతో కప్పేశారు, లోపలి తుప్పు పైకి కనపడదు. ఒక స్తంభం తీగలకు 1990లలోనే బలం కట్టారు. కూలింది ఆ పని చేయని స్తంభం. ఇవేవీ డబ్బుల్లేని దేశాలు కావు.

కాకతీయ రాజ్యం 1323లో పోయింది. పాకాల, రామప్ప చెరువుల కింద ఇప్పటికీ వరి పండుతోంది. రాజు పోయినా తూము తీసి మూసే నీరటి ఊళ్లో ఉన్నాడు కాబట్టి.

ఇప్పుడు ఏ కట్ట మీద చూసినా సర్కారు తుమ్మలే. పైకి నరికి బిల్లు చేసుకుంటే సరిపోదు. మొద్దు తవ్వకపోతే వేరు కుళ్లి కట్టలో బొర్ర అవుతుంది, చెరువు నిండిన నాడు అక్కడే బుంగ పడుతుంది. తవ్విన గుంతలో జిగట మట్టిని అర అడుగు చొప్పున పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టాలి. తూము షట్టరు మరకు వానల ముందే గ్రీజు పెట్టి, ఒకసారి పూర్తిగా ఎత్తి దించాలి. లేకుంటే సగంలో ఇరుక్కుంటుంది. రైతు గడ్డపార వేసి లేపుతాడు, రాడ్డు వంగుతుంది, ఇక మూసుకోదు. యాసంగికి చెరువులో బురదే మిగులుతుంది.

పెద్ద ప్రాజెక్టులదీ ఇదే గతి. 2022 జులై వరదకు కడెం ప్రాజెక్టు 18 గేట్లలో ఒకటి లేవలేదు. ఏడాది టైం ఉంది కదా, మరుసటి జులైలో నాలుగు మొరాయించాయి! కొత్త పనికైతే ఎస్టిమేట్లు, టెండర్లు, శిలాఫలకాలు పరుగెత్తుకొస్తాయి. ఉన్నదానికి గ్రీజు డబ్బా కావాలంటే ఫైలు కదలదు. నాలాల్లో పూడిక తీసి ఒడ్డునే కుప్ప పోస్తారు, మొదటి వానకే అది మళ్లీ నాలాలో పడుతుంది. దీన్ని తప్పుపట్టే అధికారి ఒక్కరూ కనపడరు.

మీ పత్రిక ఒక పని చేయాలి. మే నెలాఖరుకు ఏ చెరువు తూము, ఏ ప్రాజెక్టు గేటు ఎత్తి దించి చూశారో, ఏ తేదీన చూశారో అడిగి జిల్లా పేజీలో వేయండి. చూడనివాటి పేర్లు కూడా వేయండి.

- ఒక పాఠకుడు, హనుమకొండ