చిట్టి పుట్టినరోజు పుస్తకం కోసం

జనగామ,
జూన్ 18.

బిడ్డా,

నువ్వూ అల్లుడూ చిట్టీ క్షేమమని తలుస్తాను. ఇక్కడ మేమిద్దరం బాగున్నాం. నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, పొద్దున పాలకు మళ్లీ తనే వెళ్తున్నారు. వాన ఇంకా సరిగ్గా పడలేదు. పత్తి గింజలు పెట్టినవాళ్లంతా ఆకాశం వైపే చూస్తున్నారు.

ఊరంతా తన పుట్టినరోజుకే టపాసులు కాలుస్తోందని చిట్టి నాలుగేళ్లు వచ్చేదాకా నమ్మిందని మొన్న ఫోన్లో చెప్పావు చూడు, అది తలచుకుని ఇప్పటికీ నవ్వుకుంటున్నాం. ఇప్పుడు ఎనిమిదేళ్లు నిండుతున్నాయి కదా, జూలై 4న ఇంకా ఏమేం జరిగాయో పుస్తకంలో రాసి బొమ్మలు వేస్తానంటోందట. "బడిలో రోజూ బోర్డు మీద రాసేదానివి కదమ్మా, నీకు గుర్తుంటాయి" అన్నావు. గుర్తున్నాయి. ఫోన్లో చెబితే సగం గాలికి పోతాయని ఉత్తరం రాస్తున్నాను.

ముందు మీరుండే అమెరికా సంగతి. బ్రిటన్ నుంచి విడిపోవాలని ఫిలడెల్ఫియాలో ఓటు వేసింది 1776 జూలై 2న. మరునాడు, ఆ ఓటు వేసిన నాయకుల్లో ఒకడైన జాన్ ఆడమ్స్ భార్యకు ఉత్తరం రాస్తూ, ఇక ఏటా జూలై 2న జనం ఆటలతో, మంటలతో, దీపాలతో పండుగ చేసుకుంటారని రాశాడు. పండుగ సంగతి నిజమైంది, తేదీ మాత్రం తప్పింది. స్వాతంత్ర్య ప్రకటన పత్రాన్ని ఆమోదించిన 4వ తేదీయే నిలిచిపోయింది. ఆ పత్రం రాసిన జెఫర్సనూ, ఈ ఆడమ్సూ సరిగ్గా 50 ఏళ్లకు, 1826 జూలై 4నే, కొన్ని గంటల తేడాతో కన్నుమూశారు. దీన్ని చిట్టికి కథలా చెప్పు, మర్చిపోదు.

వివేకానందుడి వర్ధంతి కూడా ఆ రోజే, 1902లో, బేలూరు మఠంలో. 39 ఏళ్లకే పోయాడు. కానీ చిట్టి కోసం నేను చెప్పాలనుకున్నది అంతకు నాలుగేళ్ల ముందు సంగతి. 1898లో ఆయన కశ్మీర్‌లో పడవ ఇళ్లలో ఉన్నాడు. వెంట అమెరికా నుంచి వచ్చిన శిష్యురాళ్లు ఉన్నారు. వాళ్ల దేశ పండుగ దగ్గరికి వస్తోందని వాళ్లకు చెప్పకుండా ఒక దర్జీని పిలిపించాడు. పాపం ఆ దర్జీ ఎన్నడూ ఆ జెండాను చూసినవాడు కాడు. ఎలా కుట్టాలో చెప్తే కుడతానన్నాడు. చుక్కలూ చారలూ ఎలాగో ఒకలాగు గుడ్డ మీదికి ఎక్కాయి. పచ్చటి కొమ్మలతో కలిపి దాన్ని పడవలో భోజనాల గది దగ్గర కట్టారు. 4వ తేదీ పొద్దున్నే టీకి వచ్చినవాళ్లకు అది కనిపించింది. ఆ రోజు కోసం ఒక కవిత కూడా రాశాడాయన. పరాయి ఊళ్లో ఉన్న ఆడపిల్లలకు తమ పండుగ గుర్తొచ్చి మనసు కలుక్కుమంటుందని ఆ సన్యాసికి తోచింది చూడు. నువ్వు వెళ్లిన మొదటి సంవత్సరం బతుకమ్మ పండుగకు ఏడ్చావు కదా, ఇది చదివినప్పుడల్లా నాకు అదే గుర్తొస్తుంది.

జెండా మాట వచ్చింది కనుక పింగళి వెంకయ్యగారిని కూడా రాయించు. 1921లో బెజవాడలో కాంగ్రెస్ సమావేశాలు జరిగినప్పుడు గాంధీజీకి జెండా నమూనా ఇచ్చింది ఆయనే. మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. పత్తి సాగు మీద పరిశోధన చేసినందుకు జనం ఆయన్ని పత్తి వెంకయ్య అని కూడా పిలిచేవాళ్లు. 1963 జూలై 4న పోయారు, పేదరికంలోనే. దేశమంతా ఎగరేసే జెండా తయారుచేసిన మనిషి చివరి రోజులు అలా గడిచాయంటే నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

అల్లూరి సీతారామరాజు పుట్టిందీ ఆ రోజే, 1897లో, విశాఖ జిల్లా పాండ్రంగిలో. అది ఆయన అమ్మమ్మగారి ఊరని చిట్టికి తప్పకుండా చెప్పు. పోడు చేసుకోనివ్వని అడవి చట్టం మీద తిరగబడి 1922 ఆగస్టులో మూడు రోజుల్లో మూడు పోలీసు స్టేషన్లు కొట్టాడు: చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి. మిగతాది నీకు తెలుసు.

మేరీ క్యూరీ చనిపోయిందీ జూలై 4నే, 1934లో. అది చిట్టి పెద్దయ్యాక తనే చదువుకుంటుంది.

ఇంక అసలు చెప్పాలనుకున్నది.

నేను ఏటా ఆ తేదీన బోర్డు మీద అమెరికా, వివేకానంద, అల్లూరి అని రాసేదాన్ని. జనరల్ నాలెడ్జ్ పుస్తకంలో ఏముంటే అది. నీకు అప్పుడు ఐదో ఆరో ఏళ్లు. ఆ సంవత్సరం కూడా అలాగే రాసి చేతుల సుద్ద దులుపుకుంటుంటే, హాస్టల్లో ఉండి తొమ్మిది చదివే పిల్లవాడు వచ్చి నిలబడ్డాడు. కాలి బొటనవేలితో నేల గీరుతూ, "టీచర్, మా కొమరయ్యను రాయలే?" అన్నాడు. ఏ కొమరయ్య అని అడిగాను. అడిగాను బిడ్డా, ఇదే తాలూకాలో ఉంటూ. "మాది కడవెండి టీచర్. మా తాత ఆ ఊరేగింపుల ఉన్నడు" అన్నాడు.

నాకు దొడ్డి కొమరయ్య పేరు తెలియక కాదు. తెలంగాణ రైతుల సాయుధ పోరాటం గురించి పాఠం చెప్పేదాన్ని, ఇక్కడి పెద్ద భూస్వామి విసునూరు దేశ్‌ముఖ్ గురించి, వెట్టి గురించి, తన భూమి కోసం ఆ దొరను ఎదిరించిన పాలకుర్తి ఐలమ్మ గురించి చెప్పేదాన్ని. ఆ తేదీని మాత్రం ఎన్నడూ చూసుకోలేదు. 1946 జూలై 4న కడవెండిలో ఆంధ్ర మహాసభ సంఘం వాళ్లు కర్రలు పట్టుకుని నినాదాలిస్తూ ఊరేగింపుగా పోతుంటే, దేశ్‌ముఖ్ మనుషులు కాల్పులు జరిపారు. ముందు నడుస్తున్న కొమరయ్య అక్కడే పడిపోయాడు. గొర్రెలు కాసుకునే కురుమల ఇంటి పిల్లవాడు, 19 ఏళ్లవాడు. అన్న మల్లయ్య కూడా సంఘంలో ఉన్నవాడే. ఆ చావుతో ఊరూరా జనం లేచారు. 1951 దాకా నడిచిన సాయుధ పోరాటంలో మొదటి అమరుడు అతనే.

బోర్డు మీద చోటు లేదు. కింది గీత తుడిచి సుద్దముక్క ఆ పిల్లవాడి చేతికిచ్చాను. వాడు పైకి ఎక్కిపోయే అక్షరాలతో "దొడ్డి కొమరయ్య అమరుడైన రోజు, కడవెండి" అని రాశాడు. ప్రార్థనలో దాన్ని తనే చదివాడు, గొంతు వణికింది. తర్వాత రిటైరయ్యేదాకా ఏ జూలై 4నా ఆ గీత వదలలేదు నేను.

చిట్టి పుస్తకంలో మొదటి పేజీ కొమరయ్యది పెట్టించు. అతని సంగతి దానికి అక్కడ ఎవరూ చెప్పరు. కాల్చారనే మాట ఎనిమిదేళ్ల పిల్లకు ఎలా చెప్పాలో నీకు తెలుసు, అది నీకే వదిలేస్తున్నాను. కడవెండి అనే పేరు మాత్రం తెలుగులోనే రాయించు, 'డ' దగ్గర కొంచెం తడబడుతుంది, చెయ్యి పట్టుకుని దిద్దించు. బొమ్మకు గొర్రెలు వేస్తే చాలు, అవి దానికి బాగా వచ్చు. కొమరయ్య భుజాన గొంగడి ఉండాలి. గొంగడి ఎలా ఉంటుందని అడిగితే చెప్పు, మీ తాతది పెట్టెలో ఉంది, దులిపి ఎండలో వేసి ఫోటో తీసి పంపిస్తాను.

అల్లుడికి దీవెనలు. చిట్టికి ముద్దులు.

మీ అమ్మ