మౌస్ ఎవరి చేతిలో?

సంపాదకుడు గారికి,

ఒడిశాలోని పర్లాకిమిడిలో నాకు చిన్న జిరాక్స్ షాపు ఉంది. ఆన్‌లైన్ పనులూ చేస్తాం. స్కాలర్‌షిప్ దరఖాస్తుల రోజుల్లో ఆడపిల్లలు తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వస్తారు. దరఖాస్తు పిల్లది, మార్కులు పిల్లవి, కీబోర్డు మీద వేళ్లు మాత్రం తమ్ముడివి. "నువ్వే కొట్టమ్మా" అంటే వెనక్కి జరుగుతుంది. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి కూడా బడిలో అలాగే వెనక నిలబడుతోందని ఈమధ్యే తెలిసింది. అదీ ఇంట్లోనే షాపు పెట్టుకుని!

ల్యాబ్‌లో ఒక్కో కంప్యూటర్‌కి నలుగురట. మౌస్ పట్టుకున్నవాడు పీరియడ్ అయ్యేదాకా వదలడు. వెనకున్న అమ్మాయిలు నోట్సు రాసుకుంటారు. పరీక్షలో వాళ్లకే ఎక్కువ మార్కులు వస్తాయి, అది వేరే సంగతి. సారు ప్రశ్న వేయగానే ఇద్దరు ముగ్గురు అబ్బాయిలు టకటకా చెప్పేస్తే, వీళ్లకి బుర్ర ఉందని ఆయన మెచ్చుకుంటారట. ఆ అబ్బాయిలు నాకు తెలుసు. గేమ్‌లంటూ సాయంత్రాలు నా షాపులోనే కూర్చుంటారు. అది బుర్ర కాదండీ, అలవాటు. చీకటి పడ్డాక షాపుకి ఆడపిల్లను పంపే ఇల్లు మా వీధిలో లేదు. మా అమ్మాయిని నేనూ కూర్చోనివ్వలేదు, నా తప్పు కూడా ఉంది.

పైగా మన పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, తెర మీద ఇంగ్లిషు. అర్థం కాని మాట ఎదురైతే అబ్బాయిలు నన్ను అడుగుతారు. ఆడపిల్లలు ఎవర్ని అడగాలి?

అమెరికాలో హార్వీ మడ్ అనే కాలేజీ ఉంది. 2006లో మరియా క్లావే అనే ఆవిడ ప్రెసిడెంటుగా వచ్చేనాటికి అక్కడ కంప్యూటర్ సైన్స్‌లో పదిమందికి ఒక్క అమ్మాయే. మొదటి కోర్సులో జావా అనే ప్రోగ్రామింగ్ భాష తీసేసి, కొత్తవాళ్లకి తేలికైన పైథాన్ భాష పెట్టారు. ప్రోగ్రామింగ్ ముందే వచ్చినవాళ్లని ఒక బ్యాచ్, కొత్తవాళ్లని ఒక బ్యాచ్ చేశారు. క్లాసంతా తానే మాట్లాడే కుర్రాణ్ణి విడిగా పిలిచి కాస్త తగ్గమని చెప్పారు. కొన్నేళ్లకే పదిమందిలో నలుగురు అమ్మాయిలయ్యారు. అబ్బాయిలనీ అమ్మాయిలనీ విడదీయలేదు, గమనించండి. విడిగా కూర్చోబెడితే సరిపోతుందని మా దగ్గర కొందరు అంటుంటారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

ఒడిశా ప్రభుత్వం బడుల్ని బాగుచేయడానికి తెచ్చిన 5టి పథకంలో హైస్కూళ్లకి స్మార్ట్ క్లాసులు వచ్చాయి, గోడలకి రంగులూ వచ్చాయి. పావుగంటకోసారి మౌస్ చేతులు మారాలని నియమం పెట్టడానికి మాత్రం ఏ నిధులూ అక్కర్లేదు. బడి వదిలాక ల్యాబ్ తెరిస్తే పల్లెల నుంచి వచ్చే ఆడపిల్లలకి ఆటో దొరకదు, మధ్యాహ్నం భోజనాల వేళ తెరవాలి. జిల్లా విద్యాధికారులు ఈ రెండూ ఆలోచించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

నా వంతుగా, ఆదివారం ఉదయం పది నుంచి పన్నెండు దాకా షాపులో రెండు సిస్టమ్‌లు ఆడపిల్లలకి ఉచితంగా వదిలేస్తున్నాను. తమ్ముళ్లు వస్తే బయట బెంచీ ఉంది.

– ఒక జిరాక్స్ షాపు యజమాని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా