మోటార్లు ఆలస్యమైంది పిల్లల వల్ల కాదు

కాలిపోయిన మోటారు మా షాపులో మళ్లీ చుట్టడానికిచ్చి, నాట్ల అదనులో దాని కోసం వచ్చి వట్టి చేతులతో వెళ్లిన రైతులందరికీ ఈ నాలుగు ముక్కలు. "కాలేజీ పిల్లల్ని పెట్టుకుని, వాళ్లకి పని నేర్పుతూ మన మోటార్లు మూల పడేశాడు" అంటున్నారట. ఆ మాట నా ముందే అనుంటే జవాబు అప్పుడే చెప్పేవాణ్ణి.

ఆపింది మోటారులో చుట్టే రాగి తీగ. 21 గేజి స్టిక్కరుతో వచ్చిన రీళ్లలో 22 గేజి రాగి ఉంది; గేజి నంబరు పెరిగితే తీగ సన్నమవుతుంది. తీగ మీది ఎనామిల్ పూతతో కలిపి కొలిస్తే 0.78 మిల్లీమీటర్ల దాకా చూపిస్తుంది కాబట్టి పైపైన చూస్తే తేడా పట్టుబడదు. కొసని లైటరు మంటలో కాల్చి, నల్లపొరని గుడ్డతో తుడిచి కొలవాలి. గరుకు కాగితంతో గీకితే రాగి కూడా అరిగి లెక్క తప్పుతుంది. అలా తుడిచి కొలిస్తే 0.71 వచ్చింది. ఉండాల్సింది 0.81. అంటే రాగి దాదాపు పావు వంతు తక్కువ, అంతే కరెంటుకి వేడి సుమారు 30 శాతం ఎక్కువ. రాత్రి త్రీఫేజ్‌లో, లో వోల్టేజీలో ఆ మోటారు ఎన్నాళ్లుంటుందో మీకు నేను చెప్పాలా? మైక్రోమీటరు పట్టుకుని దాన్ని పట్టింది మీరు తప్పుపడుతున్న ఆ పిల్లలే. సరుకు ఇచ్చినాయన "అందరూ ఇదే చుడుతున్నారు" అన్నాడు. చుట్టుకోనీ. రీళ్లు వాపసు పంపి, వేరేచోట నగదిచ్చి తెచ్చాం. అందుకే ఆలస్యం.

సీజన్ అయ్యేదాకా పిల్లల్ని పంపేద్దామా అని చాలా ఊగిసలాడాను. వాళ్లు ఇంటర్ ఒకేషనల్ ఎలక్ట్రికల్ వాళ్లు, ఓజేటీకి, అంటే షాపులో పని చేస్తూ నేర్చుకునే శిక్షణకి, మార్కులుంటాయి. పంపను.

వాళ్ల పని ఇంతవరకే: నేమ్‌ప్లేటు రాసుకోవడం, కాలిన చుట్టలు కోయకముందే కనెక్షన్ బొమ్మ గీయడం, కాయిల్ (తీగ చుట్ట) ఏ స్లాటు (గాడి) నుంచి ఏ స్లాటుకి వెళ్లిందో గుర్తు పెట్టడం, చుట్లు లెక్కపెట్టడం. చుట్లు తగ్గితే మోటారు ఖాళీగా తిరిగినా కరెంటు ఎక్కువ లాగుతుంది, అందుకని ఇద్దరు విడివిడిగా లెక్కిస్తారు, తేడా వస్తే మిస్త్రీ మూడోసారి లెక్కిస్తాడు. చుట్టడం నేర్చుకునేది తుక్కు స్టేటర్ మీద, అంటే మోటారులో తిరగని, చుట్టలుండే భాగం మీద. మీ మోటారు స్లాట్లలో కాయిల్ దించేది మిస్త్రీయే. చుట్టలకి పూసిన వార్నిష్ ఆరబెట్టే ఓవెన్, కరెంటిచ్చి పరీక్ష, బోరు దగ్గరి పని వాళ్లకి లేవు. 18 నిండని వాళ్లని ప్రమాదకరమైన పనుల్లో పెట్టడం చట్టం ఒప్పుకోదు, చట్టం లేకపోయినా నేను పెట్టను.

ఇకనుంచి బిల్లు మీద తీగ కొలత, 500 వోల్టుల మెగ్గర్ (చుట్టల నుంచి బాడీకి కరెంటు కారుతోందేమో చూసే మీటరు) రీడింగు రాసిస్తాం. ఒక మెగోమ్ (పది లక్షల ఓమ్‌ల నిరోధం) కంటే తక్కువ చూపిస్తే మోటారు మళ్లీ ఓవెన్‌లోకే, మీరు గుమ్మంలో కూర్చున్నా సరే.

పిల్లల చెయ్యి అసలు తగలొద్దనుకునేవాళ్లు మోటారు దింపేటప్పుడే చెప్పండి, బాడీ మీద సుద్దతో గుర్తు పెడతాం. రేటు మారదు, వంతూ మారదు.