సైన్యంలో ఆఫీసరు కావడానికి ఇంజినీరింగే చదవాలా?

సంపాదకులవారికి నమస్కారములు.

ప్లస్ టూ (ఇంటర్) ఫలితాలు వచ్చి, ఒడిశా ప్రభుత్వ ప్రవేశాల పోర్టల్ శామ్స్‌లో ప్లస్ త్రీ (డిగ్రీ) దరఖాస్తులు మొదలయ్యే వేళకు ఏటా మా ఇంటి అరుగు మీద నలుగురైదుగురు తల్లిదండ్రులు కూర్చుని ఉంటారు. ఆంధ్ర సరిహద్దున ఒడిశాలో ఉన్న పర్లాకిమిడి చుట్టుపక్కల తెలుగు ఇళ్లలో సైన్యం మాట వస్తే నా దగ్గరికి పంపడం వాడుకైపోయింది. సైన్యంలో 26 ఏళ్లు పనిచేసి సుబేదారుగా విరమించినవాణ్ణి నేను. ‘మావాడు ఆర్మీలో ఆఫీసరు అవుతానంటున్నాడు సుబేదారు గారూ, పొలం తాకట్టు పెట్టయినా ఇంజినీరింగులో చేర్చేయమంటారా?’ అని అడుగుతారు. ఇంజినీరింగు చదవనిదే ఆఫీసరు కాలేరన్న ఈ నమ్మకం ఎక్కడ పుట్టిందో గాని మా సరిహద్దు ఊళ్లలో బాగా పాతుకుపోయింది. అది నిజం కాదని, దానివల్ల పిల్లలు నష్టపోతున్నారని చెప్పడానికే ఈ లేఖ రాస్తున్నాను.

యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహించే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష ద్వారా డెహ్రాడూన్‌లోని ఇండియన్ మిలిటరీ అకాడమీకి గాని, చెన్నైలోని ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీకి గాని వెళ్లదలచినవారికి గుర్తింపు పొందిన విశ్వవిద్యాలయం ఇచ్చిన ఏ డిగ్రీ అయినా చాలు. ఒడియా సాహిత్యంలో బీఏ అయినా, బీకాం అయినా అభ్యంతరం లేదు. ఇన్ని శాతం మార్కులు ఉండాలన్న నియమమూ లేదు. మిలిటరీ అకాడమీకి వెళ్లేవారు ఇంగ్లీషు, జనరల్ నాలెడ్జి, లెక్కలు అనే మూడు పేపర్లు, ఒక్కొక్కటి 100 మార్కులకు రాస్తారు. ఆ లెక్కలు పదో తరగతి స్థాయివే. చెన్నై అకాడమీకైతే లెక్కల పేపరే లేదు. రాతపరీక్షకు ఎన్ని మార్కులో, ఆ తరువాత సర్వీసెస్ సెలక్షన్ బోర్డు (ఎస్ఎస్‌బీ) జరిపే ఎంపికకూ అన్నే మార్కులు. ఆ రెండూ కలిపి మెరిట్ జాబితా తయారవుతుంది, అందులో డిగ్రీకంటూ ఒక్క మార్కూ కలవదు. జనరల్ నాలెడ్జిలో అడిగే చరిత్ర, భూగోళం, రాజ్యాంగం బీఏ విద్యార్థి మూడేళ్లూ చదువుతున్నవే. అంతెందుకు, ప్లస్ టూ అయినవారిని చేర్చుకునే, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్స్ అకాడమీ (ఎన్‌డీఏ) తన క్యాడెట్లలో కొందరికి ఢిల్లీలోని జేఎన్‌యూ విశ్వవిద్యాలయం నుంచి బీఏ పట్టానే ఇప్పిస్తుంది.

కార్గిల్ యుద్ధంలో అమరుడై పరమవీర చక్ర పొందిన కెప్టెన్ విక్రం బత్రా చండీగఢ్‌లో బీఎస్సీ చదివి, ఎంఏ ఇంగ్లీషులో చేరి, సీడీఎస్ ద్వారా మిలిటరీ అకాడమీకి వెళ్లారు. అదే యుద్ధంలో 1999 జూన్‌లో నేలకొరిగి మహావీర చక్ర పొందిన మేజర్ పద్మపాణి ఆచార్య ఒడిశా మూలాలున్న కుటుంబంలో పుట్టి, హైదరాబాదులో ఉస్మానియా పట్టభద్రులై, చెన్నై అకాడమీలో శిక్షణ పొందారు. అటు ఒడిశాకూ ఇటు తెలుగునేలకూ చెందిన ఆ మేజరుగారి పేరు మా పిల్లలకు తెలియకపోవడం నన్ను ఎప్పుడూ బాధపెడుతుంది.

అయితే ఏం చదివినా ఒకటేనని నేను అనడం లేదు. సీడీఎస్ ద్వారా నౌకాదళ అకాడమీకి వెళ్లాలంటే ఇంజినీరింగు డిగ్రీ తప్పనిసరి. సైన్యం న్యాయవిభాగానికి 55 శాతంతో ఎల్ఎల్‌బీ కావాలి, వైద్య విభాగానికి ఎంబీబీఎస్, పశువైద్య విభాగానికి పశువైద్య పట్టా, మిలిటరీ నర్సింగుకు ఆ చదువు ఉండాలి. ఇంజినీర్లకు టీజీసీ (టెక్నికల్ గ్రాడ్యుయేట్ కోర్సు), షార్ట్ సర్వీస్ టెక్నికల్ అనే ప్రత్యేక మార్గాలున్న మాట, వాటిలో 27 ఏళ్ల వరకు అవకాశమున్న మాట నిజమే. యంత్రాల మీద నిజంగా ప్రేమ ఉన్న పిల్లవాడు ఆ దారిన వెళ్లడాన్ని నేనెన్నడూ వారించలేదు.

కాని తలుపు మూసుకుపోయేది డిగ్రీలో కాదు, అంతకు రెండేళ్ల ముందే, పదో తరగతి అయిన వేసవిలో. యుద్ధవిమానం నడపాలనుకునే యువకుడు బీఏ చదివినా వైమానిక దళం అడ్డుచెప్పదు గాని, ప్లస్ టూలో లెక్కలు, ఫిజిక్సు చదివి ఉండాలంటుంది. ఎఫ్‌క్యాట్ అనే వైమానిక దళ ప్రవేశపరీక్ష ద్వారా వెళ్లేవారికి డిగ్రీలో 60 శాతం కూడా ఉండాలి. ఎన్‌డీఏలో ఆర్మీ విభాగానికి ప్లస్ టూ ఏ గ్రూపైనా సరే, నౌకాదళ, వైమానిక విభాగాలకు మాత్రం సైన్సు, లెక్కలు కావాలి. మా పిల్లల్లో కొందరు టెక్కలికో శ్రీకాకుళానికో వెళ్లి ఇంటర్‌లో లెక్కలు లేని బైపీసీ తీసుకుంటారు, ఇక్కడే ఉన్నవారిలో చాలామంది ప్లస్ టూ ఆర్ట్స్‌లో చేరతారు. ఆ సంతకం పెట్టిన రోజునే పైలట్ కావాలన్న కల చేజారిందని వారికి మూడునాలుగేళ్ల తరువాత గాని తెలియదు. డిగ్రీ గురించి అంత మథనపడే తల్లిదండ్రులు ఈ రెండేళ్ల చదువు గురించి నన్ను అడిగిన సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

మా అన్నయ్య కొడుకు సంగతి చెప్పకుండా ఈ లేఖ ముగించలేను. వాడికి చిన్నప్పటి నుంచి చరిత్ర అంటే ప్రాణం, సైన్యమంటే అంతకన్నా ఎక్కువ. ఆఫీసరు కావాలంటే ఇంజినీరింగు తప్పదని ఎవరో చెబితే అన్నయ్య అర ఎకరం అమ్మి ఒక ప్రైవేటు కళాశాలలో చేర్పించాడు. నేను అప్పుడు ఉద్యోగంలో దూరాన ఉన్నాను. ఫోనులో విని కూడా గట్టిగా వద్దనలేదు, ఆ తప్పు నాది కూడా. మొదటి ఏడాది నుంచే బ్యాక్‌లాగులు పడ్డాయి, నాలుగేళ్లు గడిచి ఇంకో రెండేళ్లు గడిచినా పట్టా రాలేదు. పట్టా లేనివాడికి సీడీఎస్ లేదు, ఇంజినీర్ల మార్గాలూ లేవు. మిలిటరీ అకాడమీకి 24, చెన్నై అకాడమీకి 25 ఏళ్ల వయోపరిమితి ఉంది. నాలుగేళ్లకు సిపాయిగా తీసుకునే అగ్నివీర్ వయసైతే వాడికి ఎప్పుడో దాటిపోయింది. మా ఊళ్లోని కృష్ణచంద్ర గజపతి కళాశాలలో చరిత్ర ఆనర్స్ చదివి ఉంటే 21 ఏళ్లకే పట్టా చేతికి వచ్చేది, సీడీఎస్ ఐదారుసార్లు రాయగలిగేవాడు. ఇష్టంతో చదివి సకాలంలో పూర్తిచేసిన మామూలు డిగ్రీయే సైన్యానికి వెళ్లేవాడికి ఎక్కువ ఉపయోగమని మా ఇంట్లో ఇంత నష్టపోయాక గాని తెలిసిరాలేదు.

డిగ్రీ ఎంచుకునేటప్పుడు ఆ కళాశాలలో విద్యార్థులకు సైనిక శిక్షణ ఇచ్చే ఎన్‌సీసీ ఉన్నదా లేదా అని కూడా అడగవలసిందిగా నేను అందరికీ చెబుతాను. కనీసం ‘బి’ గ్రేడుతో ఎన్‌సీసీ ‘సి’ సర్టిఫికెట్, డిగ్రీలో 50 శాతం మార్కులు ఉన్నవారు ఎన్‌సీసీ స్పెషల్ ఎంట్రీ ద్వారా, సీడీఎస్ రాతపరీక్ష లేకుండానే ఎస్ఎస్‌బీకి పోటీపడవచ్చు. ఆడపిల్లలకు కూడా ఈ మార్గం ఉంది. ఐదు రోజుల ఎస్ఎస్‌బీలో మనస్తత్వ పరీక్షలు, మైదానంలో గ్రూపు పనులు, ఇంటర్వ్యూ ఉంటాయి. చదివిన సబ్జెక్టు ఏదైనా దాని గురించి అడిగినప్పుడు తడబడకుండా మాట్లాడగలగాలి, ఇష్టం లేని చదువు చదివినవాడికి అక్కడే నోరు పెగలదు.

సరిహద్దులో ఉన్న మాకు మరో రెండు ఇబ్బందులున్నాయి. విజయనగరం దగ్గరి కోరుకొండ సైనిక్ స్కూలు మాకు దగ్గరే అయినా, అందులో 67 శాతం సీట్లు ఆంధ్రప్రదేశ్ పిల్లలవి; ఒడిశా వాసులమైన మేము మిగిలిన సీట్లకు పోటీపడాలి, లేదా భువనేశ్వర్ సైనిక్ స్కూలుకు ప్రయత్నించాలి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా నడిచే మా పిల్లలు సీడీఎస్, ఎన్‌డీఏ పేపర్లను ఇంగ్లీషులోనో హిందీలోనో రాయవలసి ఉంటుంది. ఇంగ్లీషు పేపరుకు భయపడి దరఖాస్తే చేయని తెలివైన పిల్లలను నేను చూశాను. ఇంజినీరింగు ఫీజులో పదోవంతు ఇంగ్లీషు నేర్పించడానికి ఖర్చుపెట్టండని నేను తల్లిదండ్రులను ప్రాధేయపడుతుంటాను.

మీ పత్రిక మా జిల్లాలో ఇప్పటికీ చాలా ఇళ్లకు వస్తున్నది. దయచేసి ప్రతి ఏటా పదో తరగతి ఫలితాల వారంలోనే, ఏ గ్రూపు తీసుకుంటే త్రివిధ దళాల్లో ఏయే మార్గాలు మిగులుతాయో, ఏయే వయసుకు ఏది మూసుకుపోతుందో వివరంగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. ఇంటర్, ఎంపీసీ అనే మాటల పక్కన ప్లస్ టూ సైన్స్, ప్లస్ టూ ఆర్ట్స్ అని కూడా రాస్తే ఒడిశాలోని తెలుగు తల్లిదండ్రులకు ఇంకా బాగా అర్థమవుతుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత సుబేదారు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా