పెదనాయనా, ఇప్పుడు ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటోంది!

బెంగళూరు కె.ఆర్.పురంలో మా వీధిలో నెలన్నర పాటు పొద్దున్నే ఆరింటికి సెల్ఫ్ మోతతో నిద్ర లేచినవాళ్ళందరూ ముందు నన్ను మన్నించాలి. నాన్న వదిలివెళ్ళిన 1996 డీజిల్ అంబాసిడర్‌ను తిట్టుకుని ఉంటారు. తిట్టాల్సింది నన్ను.

రాత్రి ఆపిన బండి పొద్దున ఓ పట్టాన స్టార్టయ్యేది కాదు. ఏడెనిమిదిసార్లు సెల్ఫ్ కొడితే దగ్గి, వణికి అందుకునేది. ఒకసారి అందుకుందంటే రోజంతా పేచీ లేదు. డిసెంబరు చలి కదా అని, స్టార్టింగుకు ఇంజన్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు నాలుగూ మార్పించా. తర్వాత కొత్త బ్యాటరీ. ఆఖరికి ఒక గ్యారేజీలో, ఇంజన్లోకి డీజిల్ కొట్టే పెద్ద పంపు దించాల్సిందే, ఇరవై వేలవుతుంది అన్నారు. డీజిల్ పంపులు చేసిన మైకో కంపెనీ పెరిగిన ఊళ్ళో పంపు బాగుచేసేవాళ్ళకు కొదవేముంది, సరేననే అనుకున్నా.

ఈలోగా అమ్మను కంటి ఆస్పత్రికి తీసుకెళ్ళాల్సిన రోజే బండి మొండికేసింది. అమ్మను ఆటో ఎక్కించి పంపి, నడిరోడ్డు మీద తల పట్టుకుంటే ఎదురింటి పెదనాయన వచ్చారు. అనంతపురంలో ముప్పయ్యేళ్ళు లారీల కింద పడుకుని పని చేసిన మనిషి. బానెట్ ఎత్తమని కూడా అనలేదు.

"సెల్ఫ్ కొట్టేటప్పుడు ఎనక పొగ వస్తాందా?"

నెలన్నరలో ఈ మాట అడిగినవాళ్ళు లేరు, నేనూ చూసుకోలేదు. కొట్టి చూస్తే పొగ జాడే లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ చేరుతోంది కానీ మండట్లేదని, అప్పుడు హీటర్ ప్లగ్గుల్ని అనుమానించాలట. పొగే లేకపోతే అసలు డీజిలే అందట్లేదు. నేను ప్లగ్గులకు పోసిన డబ్బు సంగతి అక్కడే తేలిపోయింది.

"రాత్రిపూట బండి యాడ పెడతావప్పా?"

మా ఇంటి ముందు ఎత్తు. మూతి పైకి, వెనకున్న ట్యాంకు పల్లానికి. పైపులో ఉండాల్సిన డీజిల్ రాత్రంతా ట్యాంకులోకి జారిపోతోంది. అలా జారాలంటే ఎక్కడో గాలి దూరాలి. మరి కింద ఒక్క చుక్క పడదేమని వాదించా. ట్యాంకు నుంచి, డీజిల్ లాగే చిన్న ఫీడ్ పంపు దాకా పీల్చుకునే పైపు కదా, అక్కడ చీలితే డీజిల్ కారడం తక్కువ, గాలి పీల్చడం ఎక్కువ అన్నారు. ఇంజనీరింగ్ చదివిన నాకు ఇది తట్టలేదని ఇక్కడే ఒప్పుకుంటున్నా.

ఫిల్టర్ దాటాక లోపల కనిపించే ప్లాస్టిక్ పైపు ముక్క ఒకటి తగిలించారు. అందులో బుడగలు వరసకట్టాయి. ఫీడ్ పంపుకు ట్యాంకు పైపు ఊడదీసి, క్యానులోంచి డీజిల్ ఇస్తే బుడగలు మాయం! అంటే తప్పు ట్యాంకుకీ ఫీడ్ పంపుకీ మధ్యే. వెనక దూరి చూస్తే ట్యాంకు దగ్గర రబ్బరు గొట్టం క్లిప్పు కింద సన్నగా చీలి ఉంది. బండి సామాన్ల కొట్లుండే జె.సి. రోడ్డులో కొత్త గొట్టం, రెండు క్లిప్పులు కలిపి 180 రూపాయలు. నీళ్ళ గొట్టం చాలదా అని అడిగితే, డీజిల్‌కు అది ఉబ్బి పాడవుతుందని కొట్లో కుర్రాడు చేతిలోంచి లాక్కున్నాడు. అతనికీ ఒక థాంక్స్.

పైపుల్లో చేరిన గాలి, అదే ఎయిర్, తీయడం మాత్రం నా చేతే చేయించారు. ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు చేతిమీట కొడుతూ నురగ పోయి ఉత్త డీజిల్ వచ్చేదాకా ఆగి బిగించా. తర్వాత పెద్ద పంపు దగ్గరా అంతే.

మూడు వారాలైంది. అదే ఎత్తు మీద పెడుతున్నా, ఒక్క సెల్ఫ్ చాలు. డబ్బులిస్తే పెదనాయన కసురుకున్నారు. నా డీజిల్ చేతులకు సబ్బు, ఆ తర్వాత రాగి జావ ఇచ్చిన పెద్దమ్మకూ దండాలు.

పెదనాయనా, మీ ప్లాస్టిక్ పైపు ముక్క ఇంకా మా డిక్కీలోనే ఉంది. సాయంత్రం తెచ్చిస్తా.